జిమ్ మానేస్తే జుట్టు రాలడం ఆగుతుందా?

ముందు మీరు అడిగింది నాకు ఎలా అర్థమైందో చెబుతాను. మీకు 27 ఏళ్లు. సొంతూరు ఒంగోలు దగ్గర, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో పీజీ. జనవరి నుంచి వారానికి ఐదు రోజులు జిమ్, వారాంతంలో ఒక పూట ఈత. మొదటి రెండు నెలల్లోనే 9 కిలోలు తగ్గారు. ఏప్రిల్ నుంచి తలస్నానం చేసిన ప్రతిసారీ జుట్టు గుప్పెడు చేతికొస్తోంది. అమ్మగారేమో "చెమటకే రాలుతోంది, ఆ జిమ్ మానెయ్" అంటున్నారు. రూమ్మేట్లు బోరు నీళ్లంటున్నారు. ట్రెయినర్ బయోటిన్ అనే విటమిన్ మాత్రలు వేసుకోమన్నాడు. రోజూ షాంపూ పెట్టొచ్చా అని మీ అనుమానం. తమ్ముడు కండల కోసం జిమ్ కుర్రాళ్లు వాడే క్రియాటిన్ పొడి తాగొచ్చా అని చివర్లో ఒక ముక్క.

జిమ్ మానకండి. బెంగళూరులో చాలా ఏళ్లుగా చర్మం, జుట్టు సమస్యలు చూస్తున్న డాక్టరుగా చెబుతున్నాను. మీరు రాసినదాంట్లో నాకు అనుమానం కలిగించింది చెమటా కాదు, నీళ్లూ కాదు. ఆ 9 కిలోలు.

ఎందుకో చెబుతాను. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక 2 నుంచి 6 ఏళ్ల దాకా పెరుగుతుంది. తర్వాత రెండు మూడు నెలలు ఊరికే కుదురులో ఉండి, ఊడిపోతుంది. దాని చోట కొత్తది వస్తుంది. అందుకే రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. డెంగీ, టైఫాయిడ్, కాన్పు, ఆపరేషన్, కడుపు మాడ్చుకునే డైటింగ్, ఇలాంటివి వచ్చినప్పుడు పెరగాల్సిన వెంట్రుకలు కూడా ఒక్కసారిగా పెరగడం ఆపేస్తాయి. ఇంట్లో జీతం సగానికి పడిపోతే అద్దె, బియ్యం ఆపలేం కదా, సినిమాలూ కొత్త బట్టలూ ఆపుతాం. ఒంటికి జుట్టు అలాంటి ఖర్చే. గుండె, మెదడు ఆగకూడదు, జుట్టు ఆగినా ప్రాణానికేం కాదు.

అయితే ఆగిన వెంట్రుక ఆ రోజే రాలదు. రెండు మూడు నెలలు కుదురులోనే ఉండి, అప్పుడు రాలుతుంది. దీన్ని మేము టెలోజెన్ ఎఫ్లూవియం అంటాం. మీ లెక్కే చూడండి. జనవరి, ఫిబ్రవరిలో తిండి తగ్గించారు, ఏప్రిల్‌లో జుట్టు రాలడం మొదలైంది. అచ్చం సరిపోయింది. ఈ రెండు మూడు నెలల ఎడం వల్లే అందరూ తప్పుడు దొంగను పట్టుకుంటారు. ఏప్రిల్‌లో జుట్టు రాలితే మార్చి ఆఖర్న మార్చిన షాంపూనో, కొత్త పీజీ నీళ్లనో తిడతారు. "బెంగళూరు వచ్చాక జుట్టంతా పోయింది మేడం" అని వచ్చే పిల్లల్ని అడుగుతూ పోతే, ఊరు మారడంతో పాటు నిద్ర, తిండి, ఒక జ్వరం, ఏదో ఒకటి బయటపడుతుంది.

నా మాట నమ్మే ముందు మీరే ఒక పని చేయండి. రాలిన వెంట్రుకలు కొన్ని తెల్ల కాగితం మీద పెట్టి, రెండు కొసలూ చూడండి. ఒక కొసన ఆవగింజ కంటే చిన్న తెల్లటి ఉండ కనిపిస్తే అది కుదురు నుంచి ఊడిన వెంట్రుక. ఉండ లేకుండా, రకరకాల పొడవుల్లో, చిన్న చిన్న ముక్కలుగా ఉంటే అది మధ్యలో తెగింది. కుదురు నుంచి ఊడేదానికి కారణం ఒంట్లో ఉంటుంది. తెగేదానికి కారణం మీ దువ్వెన, రబ్బరు బ్యాండు, క్లోరిన్, నీళ్లు. ఈ రెంటినీ కలిపేసి ఒకే మందు వెతకడం వల్లే డబ్బులు పోతాయి. మరో సంగతి, వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్లకు మూడు రోజులవి ఒక్కరోజే ఊడివస్తాయి. బాత్రూమ్ జాలీలో పడిన ఉండ చూసి బెదిరిపోకుండా దాన్ని మూడుతో భాగించుకోండి.

తిండి సంగతికి వద్దాం. అసలు పని ఉన్నది ఇక్కడే. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఆఫీసులో సలాడ్, రాత్రి ఒక పండు అని రాశారు. దాని మీద రోజూ గంటన్నర వ్యాయామం. ఇంత తక్కువ తిని ఇంత కష్టపడితే ఒంట్లో ఏం జరుగుతుందో క్రీడాకారుల్లో బాగా గమనించి, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో రెడ్-ఎస్ (పడే కష్టానికి చాలినంత శక్తి ఒంటికి అందకపోవడం) అని ఒక పేరు కూడా పెట్టింది. నెలసరి ఆలస్యం కావడం, ఆగిపోవడం, ఎప్పుడూ నీరసం, చలిగా అనిపించడం, మాటిమాటికీ దెబ్బలు తగలడం దాని గుర్తులు. మీరు నెలసరి గురించి ఏమీ రాయలేదు. రెండు మూడు నెలలుగా తప్పుతుంటే జుట్టు కంటే ముందు దాని గురించి డాక్టర్ని కలవండి. బరువు తగ్గడం ఆపక్కర్లేదు, వారానికి అర కిలో చాలు.

ప్రొటీన్ లెక్క. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మామూలు పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లకు కిలోకు 1.2 నుంచి 1.6 దాకా ఉంటే మంచిది. మీరిప్పుడు 58 కిలోలు కాబట్టి రోజుకు 70 నుంచి 90 గ్రాములు అనుకోండి. గుడ్డులో 6 గ్రాములు. ఎండు మీల్ మేకర్ 50 గ్రాములు తీసుకుంటే 25 గ్రాముల పైనే. వంద గ్రాముల పనీర్‌లో 18 వరకు. గుప్పెడు వేరుశనగల్లో 7. ఒక కప్పు గట్టి పప్పులో 7, 8. గట్టి పప్పు అన్నాను, గమనించండి. ఆంధ్రా మెస్సులో పోసే పప్పుచారుని, పీజీలో బెల్లం వేసిన సాంబారుని ప్రొటీన్ లెక్కలో వేయకండి, అవి అన్నంలోకి తడి మాత్రమే. పీజీలో వంట కుదరదు కాబట్టి గుడ్లు, పెరుగు, ఉడకబెట్టిన శనగలు, వేరుశనగలు సులువు. అవి తిన్నా లోటు ఉంటే ఒక చెంచా వే ప్రొటీన్ (పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి) కలుపుకోండి, తప్పేం లేదు. దానివల్ల జుట్టు రాలుతుందనడానికి ఆధారం లేదు.

ఇనుము ఇంకా ముఖ్యం. 2019–21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని ఐసీఎంఆర్ చెబుతుంది. ఓట్స్, సలాడ్‌తో అది రాదు. హిమోగ్లోబిన్ 12 దాటింది కదా అని ఊరుకోకండి. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది ఫెర్రిటిన్ అనే పరీక్ష. అది 15 లోపు ఉంటే నిల్వలు అయిపోయినట్టే. జుట్టు చూసే డాక్టర్లలో చాలామందిమి కనీసం 30, 40 దాటాలని చూస్తాం. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె ఉత్తినే పెరుగుతుంది కాబట్టి ఒళ్లు బాగున్నప్పుడే చేయించుకోండి. మునగాకు, తోటకూర, ఉలవలు, మాంసం తినేవాళ్లైతే కాలేయం, వీటితో పాటు నిమ్మకాయ పిండుకోండి. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే గంట వెనక్కి జరపండి, టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

ఫెర్రిటిన్‌తో పాటు సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ డి చేయించండి. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లైతే బి12 కూడా. ఇక్కడే బయోటిన్ సంగతి. బయోటిన్ లోపం నిజంగా ఉండేవాళ్లు చాలా అరుదు. లోపం లేనివాళ్లకు ఆ మాత్ర జుట్టు మొలిపిస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్ రక్తపరీక్షలను తప్పు చూపిస్తుంది. థైరాయిడ్, గుండెపోటు పరీక్షల ఫలితాలు కూడా తారుమారవుతాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టకపోయినా ఏం కాదు.

ఇప్పుడు చెమట. అమ్మగారికి ఇది చదివి వినిపించండి. చెమటంటే నీళ్లు, కాస్త ఉప్పు, కొంచెం యూరియా, లాక్టిక్ ఆమ్లం. అది కుదుళ్లను కరిగించదు, జుట్టును ఊడబీకదు. అయితే చెమట పట్టిన తలను అలాగే ఆరనిచ్చి, ఆ పైన రెండు రోజులు వదిలేస్తే దురద వస్తుంది, గోకుతాం. చుండ్రు ఉన్నవాళ్లకు అది రేగుతుంది. కొందరికి చిన్న చిన్న చీముపొక్కులు వస్తాయి. కాబట్టి చేయాల్సింది చెమట మానడం కాదు, చెమటను తలమీద నిల్వ ఉంచకపోవడం.

రోజూ షాంపూ పెడితే జుట్టు పోతుందన్నది నిజం కాదు. షాంపూ కుదురు లోపలికి వెళ్లదు. జిడ్డు తల, చుండ్రు ఉంటే జిమ్‌కి వెళ్లిన ప్రతిరోజూ గాఢత తక్కువ షాంపూతో కడగొచ్చు. పొడి తల, ఉంగరాల జుట్టు అయితే రోజు విడిచి రోజు షాంపూ, మధ్య రోజుల్లో ఉత్త నీళ్లతో తల చర్మాన్ని వేళ్లతో రుద్ది కడిగి, కొసలకు కండిషనర్ చాలు. షాంపూ తల చర్మానికి మాత్రమే, కండిషనర్ పొడవుకి మాత్రమే. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఒంటి సబ్బుతో మాత్రం తల రుద్దకండి, దాని క్షారగుణానికి వెంట్రుక గరుకెక్కుతుంది. అమ్మగారు పంపే కుంకుడుకాయలు ఆదివారం తలంటుకు భేషుగ్గా పనికొస్తాయి. పని రోజు పొద్దున జిమ్ నుంచి వచ్చి, ఎనిమిదిన్నర క్యాబ్ అందుకోవాలంటే కుంకుడు రసం తీసే తీరిక ఎవరికుంది!

తడి తల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మీ ప్రశ్నలో అది అసలు లేదు కాబట్టి. తడిసిన వెంట్రుక సాగుతుంది, బలం తగ్గుతుంది. ఆ సమయంలో తువ్వాలుతో బరబరా రుద్దడం, సన్నపళ్ల దువ్వెనతో చిక్కు లాగడం, తడిగానే బిగించి ముడేసి క్యాబ్ ఎక్కడం, ఈ మూడింటితో తెగినంత జుట్టు చెమటతో ఎన్నడూ పోదు. పాత కాటన్ చీర ముక్కతో ఒత్తి తుడవండి. చిక్కులు వెడల్పు పళ్ల దువ్వెనతో కొసల నుంచి మొదలుపెట్టి పైకి తీయండి. తడి జుట్టును రోజూ ముడేస్తే వెంట్రుకల మీద తెల్లటి ఉండల్లా కట్టే ఒక ఫంగస్ కూడా వస్తుంది. వాటిని పేలగుడ్లు అనుకుని వచ్చేవాళ్లుంటారు. డ్రయ్యర్ అంటే భయపడతారు గానీ, 2011లో కొరియాలో చేసిన ఒక పరిశీలనలో డ్రయ్యర్‌ను 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని కదుపుతూ ఆరబెడితే, చాలాసేపు తడిగా వదిలేసిన జుట్టు కంటే లోపలి దెబ్బ తక్కువని తేలింది. మరీ వేడిగా కాకుండా, దూరంగా, కదుపుతూ అన్నదే అక్కడ కీలకం.

జిమ్‌లో నెత్తి మీదికి లాగి కట్టే పోనీటెయిల్ చూసినప్పుడల్లా నాకు చేతులు ఊరుకోవు. రోజూ అదే చోట, అదే బిగువుతో కడితే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. మొదట్లో ఆపితే తిరిగి వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే రాదు. కట్టినప్పుడు తల నొప్పెడుతుంటే, చిన్న పొక్కులొస్తుంటే బిగువు ఎక్కువైందని అర్థం. వదులుగా ఒక జడ వేసుకోండి, లేదా బట్ట చుట్టిన బ్యాండుతో మెడ దగ్గర కట్టండి, రోజూ చోటు మార్చండి. స్క్వాట్స్ చేసేటప్పుడు జడ ముందుకు వేసుకోండి, బార్ కింద నలగకుండా. స్కూటర్ మీద వెళ్తే హెల్మెట్ వల్ల బట్టతల రాదు, వెంట్రుకకు గాలి కుదురుకు చేరే రక్తంలోంచే అందుతుంది. లోపలి మెత్తను మాత్రం వారానికోసారి ఉతకండి.

ఈతకు ముందు షవర్ కింద మంచినీళ్లతో జుట్టు బాగా తడపండి. ముందే నిండుగా తడిసిన జుట్టు క్లోరిన్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. కొసలకు కాస్త కొబ్బరినూనో, కండిషనరో రాసి సిలికాన్ టోపీ పెట్టుకోండి, బయటికి రాగానే కడిగేయండి. బసవనగుడి అక్వాటిక్ సెంటర్‌లో రోజూ ఈదే పిల్లల జుట్టు కొసల్లో చీపురు పుల్లల్లా ఉండొచ్చు గానీ, ఎవరూ బట్టతలతో బయటికి రారు. వారానికి ఒక్క పూట ఈతకు మీరు టెన్షన్ పడక్కర్లేదు.

నూనె గురించి ఒక్క మాట. తలంటుకు అరగంట, గంట ముందు పొడవుకు రాసే కొబ్బరినూనె వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశంలోనే జరిగిన పరిశోధన చూపించింది. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయలేదు. కానీ చుండ్రు ఉన్న తల చర్మానికి రాత్రంతా నూనె పట్టించి ఉంచితే, చుండ్రు తెచ్చే సూక్ష్మజీవికి విందు పెట్టినట్టే, అది బతికేది జిడ్డు మీదే. నూనె తలతో జిమ్‌కి వెళ్తే చెమటతో కలిసి నుదుటి మీదికి కారి మొటిమలొస్తాయి. చుండ్రు బాగా ఉంటే 2 శాతం కీటోకోనజోల్ (ఫంగస్ మందు) ఉన్న షాంపూ వారానికి రెండుసార్లు, నురగ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగండి. ఇలా నాలుగు వారాలు.

నీళ్లు. 2024 వేసవిలో మారతహళ్లి వైపు ట్యాంకర్ల కోసం పడిగాపులు పడ్డవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలై, ఊరి అంచున కలిసిన 110 పల్లెల కోసం రోజుకు 77.5 కోట్ల లీటర్లు తెచ్చే ఏర్పాటు జరిగింది. అయినా బోరు, ట్యాంకరు మీద బతికే పీజీలు ఇంకా ఉన్నాయి. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుక మీద పేరుకుంటాయి. జుట్టు గరుకుగా, నిర్జీవంగా అవుతుంది, చిక్కు పడుతుంది, తెగుతుంది. కుదురు నుంచి మాత్రం ఊడగొట్టవు. ఆ మాటకొస్తే ప్రకాశం జిల్లాలో మన బోరు నీళ్లేమన్నా తియ్యగా ఉంటాయా!

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో కఠినత్వం, అంటే ఆ కాల్షియం, మెగ్నీషియం మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చు. పీజీ ఓనరు చూపించే టీడీఎస్ మీటరు కఠినత్వాన్ని చెప్పదు, కరిగిన అన్ని లవణాలనూ కలిపి చెబుతుంది. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంటే, సబ్బు నురగ రాకపోతే అదే మీ పరీక్ష. ఇప్పుడు అందరూ కొంటున్న షవర్ ఫిల్టర్లు క్లోరిన్‌ను, మడ్డిని కొంత తగ్గిస్తాయి గానీ కఠినత్వాన్ని తగ్గించవు. దానికి బిల్డింగ్ మొత్తానికి సాఫ్టెనర్ కావాలి, పీజీలో అది మీ చేతిలో లేదు. మీ చేతిలో ఉన్నది చివరి రెండు చెంబులు ఆర్‌ఓ నీళ్లతో పోసుకోవడం, ప్రతిసారీ కండిషనర్ పెట్టడం, రెండు వారాలకోసారి పేరుకున్న లవణాలను వదిలించే ఈడీటీఏ ఉన్న క్లారిఫైయింగ్ షాంపూ వాడటం. ఆ ఫిల్టరు డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

తమ్ముడి విషయం. క్రియాటిన్ మీద పుకారంతా 2009లో దక్షిణాఫ్రికాలో 20 మంది రగ్బీ ఆటగాళ్ల మీద చేసిన ఒకే ఒక్క అధ్యయనం నుంచి వచ్చింది. అందులో బట్టతలకు కారణమయ్యే డీహెచ్‌టీ హార్మోను పెరిగింది, అదీ మామూలు హద్దుల్లోనే. వాళ్ల జుట్టును ఎవరూ కొలవలేదు. 2025లో వచ్చిన పన్నెండు వారాల అధ్యయనంలో రోజుకు 5 గ్రాములు తీసుకున్నవాళ్ల జుట్టును కూడా కొలిచారు, తేడా లేదు. నాకు అసలు దిగులు అతని నుదుటి రెండు పక్కలా జుట్టు వెనక్కి పోతోందని మీరు రాసిన మాట మీద. అది చాలావరకు వంశపారంపర్యంగా వచ్చే బట్టతలే. తండ్రి వైపు, తల్లి వైపు ఎటు నుంచైనా రావచ్చు. తొందరగా డాక్టరు దగ్గరికి వస్తే మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ లాంటి మందులతో ఉన్న జుట్టును నిలబెట్టొచ్చు. అవి డాక్టరు చూసి ఇవ్వాలి, ముఖ్యంగా ఫినాస్టరైడ్. అతని మాత్రలు మీరు పొరపాటున కూడా వేసుకోకండి, గర్భం వచ్చే వయసులో ఉన్నవాళ్లకు అది పనికిరాదు. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ తీసుకుంటే నెలలో కండలొస్తాయని చెబితే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయమనండి. ఆ స్టెరాయిడ్లు బట్టతలను తొందరపెడతాయి, గుండెకూ చేటే.

మీకు వచ్చింది నేననుకున్నదే అయితే, తిండి సరిచేశాక కూడా మరో రెండు మూడు నెలలు రాలుతుంది, ఎందుకంటే ఆగిన వెంట్రుకలు ఎలాగూ ఊడాలి. ఆరు నెలలకల్లా తగ్గుతుంది. జుట్టు నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి ఒత్తు వెనక్కి రావడానికి ఏడాది పైనే పడుతుంది. పాపిడి దగ్గర నిక్కబొడుచుకునే పిల్ల వెంట్రుకలు కనిపిస్తే అది మంచి గుర్తు, వాటిని జెల్‌తో అణచకండి. ఆరు నెలలు దాటినా ఆగకపోయినా, పాపిడి వెడల్పవుతున్నా, పేనుకొరుకుడులా గుండ్రటి మచ్చలు కనబడినా, చీము, నొప్పి ఉన్నా ఇంట్లో ఏదీ ప్రయత్నించకుండా చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లండి. వెళ్లేటప్పుడు జనవరికి ముందు ఫొటో ఒకటి, రక్తపరీక్షల రిపోర్టు, ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు తీసుకెళ్లండి. తలస్నానం చేసి, నూనె రాయకుండా వెళ్లండి, నూనె తలలో కుదుళ్లు సరిగ్గా కనబడవు.